పలానికి కాస్త తక్కువ: తుపాకి గుండు తూకం, మన రాయవేలూరి కథ

ఈసారి రాసింది కొంచెం పొడుగే. సాయంత్రం తీరిగ్గా కూర్చుని చదవండి.

మొన్న మే నెలలో గంగమ్మ శిరసు తిరునాళ్ళకు గుడియాత్తం పోయినాం. తిరునాళ్ళ మర్నాడు బంధువుల ఇంటి పంచలో అందరం కూర్చుని ఉంటే, కాలేజీలో ఎన్‌సీసీ చేస్తున్న మనవడు ఒకడు క్యాంపు కబుర్లు మొదలుపెట్టినాడు. పాయింట్ 22 రైఫిలుతో ఐదు గుండ్లు కాల్చినాడంట. మూడు ఒకచోట పడినాయి, రెండు పక్కకు పోయినాయి.

"తాతా, నేను ఊపిరి బిగబట్టే కాల్చినా. తుపాకీ మంచిదే. పక్కన నిలబడినాయన ఇవి చవక రకం గుండ్లు రా, తూకం ఒకటిగా ఉండదు అన్నాడు. గుండుకు తూకమేంది తాతా?"

ఆ తాతగారు అరవై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. ఆయన నవ్వి, "నూలుకు తూకముంటే గుండుకు ఉండదా నాయనా? తూచి ఇచ్చి, తూచి తీసుకునేదాంట్లోనే కదా ఉండేదంతా" అన్నారు.

ఆ మాట మా చెవిలో ఉండిపోయింది. తిరిగొచ్చి నలుగురం కూర్చుని చదవడం మొదలుపెడితే, వేలకు వేలుగా పోసే చవక సీసపు గుండ్ల కథ మన ఊళ్ళ గుండానే పోయిందని తెలిసింది.

మన తక్కెడలో గుండు ఎంత తూగుతుంది?

ముందు మాటలు తేల్చుకుందాం. గుండు అంటే తుపాకిలోంచి బయటికి పోయే సీసపు ముద్ద. మందు అంటే దాన్ని తోసేది. ఈ రెండూ కలిపి చుట్టిన పొట్లం తూటా. ఇప్పుడు మనం అన్నింటినీ కలిపి బుల్లెట్ అనేస్తున్నాం గానీ, మన పెద్దలు మూడింటికీ మూడు మాటలు వాడినారు.

ఈస్టిండియా కంపెనీ సిపాయి భుజాన ఉండింది బ్రౌన్ బెస్ అనే మస్కెట్టు. దాని గొట్టం వెడల్పు అంగుళంలో నూటికి 75 వంతులు, అంటే ముప్పాతిక అంగుళం. అందులో వేసే గుండు మాత్రం సుమారు 69 వంతులే. ఆ గుండ్లను ఒక్కొక్కటిగా తూచేవాళ్ళు కాదు, పౌను సీసానికి ఎన్ని అని లెక్క. ఈ గుండు పౌనుకు సుమారు 14 వచ్చేది. మన పల్లెల్లో పాతకాలం పెద్ద రైతుల ఇళ్ళల్లో ఉండిన పన్నెండు బోరు తుపాకి పేరు కూడా ఈ లెక్కలోంచి వచ్చిందే. దాని గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు పౌనుకు 12 తూగుతాయి.

ఇప్పుడు దీన్ని మన తూకంలోకి మార్చి చూద్దాం. మూడు తులాలు ఒక పలం. ఎనిమిది పలాలు ఒక శేరు. ఐదు శేర్లు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు. మద్రాసు రాజధానిలో కిలోలు వచ్చేదాకా మన అమ్మమ్మలు చింతపండు, బెల్లం కొనింది ఈ లెక్కలోనే. పలం అంటే ఇప్పటి 35 గ్రాములు. బ్రౌన్ బెస్ గుండు 32 గ్రాములు. అంటే పలానికి కాస్త తక్కువ! వీశె సీసం కరిగిస్తే సుమారు 44 గుండ్లు, మణుగు సీసానికి 350 పైచిలుకు.

ఆ సీసం కూడా చాలావరకు కంపెనీ ఓడల్లో ఇంగ్లండునుంచి వచ్చిందే. కరిగించి అచ్చుల్లో పోసి, తోక కత్తిరించి, మందుతో కలిపి కాగితంలో చుట్టేవాళ్ళు. సిపాయి ఆ కాగితాన్ని పంటితో కొరికి, కొంచెం మందు చెవిలో వేసి, మిగతాది గొట్టంలో పోసి, గుండునూ కాగితాన్నీ కడ్డీతో దిమ్మిస్తాడు. చెయ్యి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలడు.

గుండు ఎందుకు వదులుగా ఉండేది?

75 వంతుల గొట్టంలో 69 వంతుల గుండు ఏంటి, అంత వదులెందుకు అని మీకు అనిపించే ఉంటుంది. నాలుగైదుసార్లు కాల్చేసరికి నల్లమందు మసి గొట్టం లోపల అట్టకడుతుంది. బిగువుగా ఉండే గుండు అయితే ఇక దిగదు. పోరులో కడ్డీతో కుస్తీ పట్టేంత సమయం ఉండదు. కాబట్టి వదులుగానే పోసేవాళ్ళు.

ఆ వదులు వల్ల గుండు గొట్టంలో గోడలకు తగులుతా, దొర్లుతా పోయి, చివరికి ఏ పక్క తగిలితే దానికి ఎదురుపక్కకు ఒరిగి బయటపడుతుంది. నూరు గజాల అవతల నిలబడిన ఒక్క మనిషిని ఎంచుకుని కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. అందుకే వరసలు కట్టి అందరూ ఒకేసారి కాల్చేవాళ్ళు. గుంపు కాల్పుల్లో ఒక్కొక్క గుండు తూకం ఎవరికీ పట్టదు.

ఈ గుంపు కాల్పుల కాలంలోనే గుడియాత్తానికి పొరుగున ఉండే ఆంబూరు దగ్గర 1749 ఆగస్టు 3న పెద్ద యుద్ధం జరిగింది. ఒకవైపు ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్, రెండోవైపు చందా సాహెబు, ముజఫర్ జంగు, వాళ్ళకు తోడు ఫ్రెంచివాళ్ళు. ఏనుగు మీద ఉన్న ముసలి నవాబు తుపాకి గుండు తగిలి అక్కడే కూలిపోయినాడు. పలమంత తూకం లేని సీసపు ముద్ద ఒకటి కర్ణాటక రాజ్యం దిక్కు మార్చింది. ఆ తర్వాత రెండేళ్ళకే క్లైవు ఆర్కాటు కోటలో కూర్చున్నాడు.

గుండును తూచిన మనిషి

సరిగ్గా ఆ రోజుల్లోనే, గుండు తూకాన్ని నిజంగా పట్టించుకున్న మనిషి ఒకడు మన తీరానికి వచ్చినాడు. ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్, ఇంగ్లండు గణిత పండితుడు. 1742లో ఫిరంగి శాస్త్రం మీద ఒక పుస్తకం రాసినాడు. దాన్ని ఆయిలర్ అంతటి మహా పండితుడు 1745లో జర్మనులోకి మార్చి, వ్యాఖ్యానం కూడా రాసినాడు. ఆ పుస్తకంలో రాబిన్స్ చెప్పిన ముఖ్యమైన పని, గుండు వేగాన్ని కొలిచే ఉపాయం.

ఉపాయం చాలా సులువు. బరువైన చెక్క దిమ్మెను ఉయ్యాలలాగా వేలాడదీస్తారు. దాని మీదికి గుండు కాలుస్తారు. గుండు దిగబడిపోయి దిమ్మె వెనక్కి ఊగుతుంది. ఎంత దూరం ఊగిందో కింద కట్టిన నాడా చెబుతుంది. దిమ్మె బరువు తెలుసు, గుండు బరువు తెలుసు, ఊగిన దూరం తెలుసు. లెక్క వేస్తే గుండు వేగం వచ్చేస్తుంది. మస్కెట్టు గుండు సెకనుకు సుమారు 1,600 అడుగులు పోతుందని అలాగే తేలింది. అంతకుముందు దాన్ని అంత నమ్మకంగా కొలిచినవాళ్ళు లేరు.

ఈ లెక్కంతా నిలబడింది గుండు తూకం మీద. గుండు నూటికి నాలుగు వంతులు తక్కువ తూగితే, వచ్చే వేగం కూడా దాదాపు అంతే తప్పుతుంది. నూటికి నాలుగు అంటే పెద్ద తేడా అనుకోకండి. గుండు అడ్డకొలత 69 వంతులకు బదులు 68 వంతులు ఉంటే చాలు, అంటే అంగుళంలో నూరోవంతు తగ్గితే చాలు, తూకం నూటికి నాలుగు వంతుల పైనే తగ్గుతుంది. కంటికి రెండు గుండ్లూ ఒకటిగానే కనబడతాయి. తక్కెడకు తెలుస్తుంది.

ఇంకో సంగతి. రెండు గుండ్లు ఒకే అచ్చులోంచి వచ్చినాయి, కొలతా ఒకటే, కానీ ఒకటి తేలిగ్గా ఉంది. అంటే లోపల గాలి బుడగ అయినా ఉండాలి, సీసంలో తగరంలాంటి తేలిక లోహం అయినా కలిసి ఉండాలి. పైకి కనబడని లోపాన్ని తూకం పట్టిస్తుంది. కంసాలి గురివింద గింజతో బంగారాన్ని పట్టుకున్నట్టే ఇది కూడా.

ఈ రాబిన్స్‌ను కంపెనీ తన కోటలు బాగుచేయడానికి ఇంజనీరు జనరలుగా పంపింది. 1750లో వచ్చినాడు. జ్వరం పట్టి 1751 జులై 29న కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూసినాడు. గొట్టంలో మరచుట్టు గాడులు తీసి గుండును బొంగరంలా తిప్పితే సూటిగా పోతుందని, ఆ రైఫిలును ముందుగా బాగా వాడుకున్న దేశానిదే పైచేయి అవుతుందని ఆయన ముందే చెప్పి పోయినాడు. ఆయన మాట సైన్యాలకు తలకెక్కడానికి నూరేళ్ళు పట్టింది.

1806, రాయవేలూరు

ఇప్పుడు మన కోటకు వద్దాం. విజయనగరం కాలంలో చిన్న బొమ్మినాయకుడి పేరుతో ముడిపడిన కోట, తర్వాత అరవీటి రాయల రాజధాని. రాయవేలూరు అనే పేరు మనవాళ్ళ నోట అందుకే నిలిచింది. 1806 నాటికి అది కంపెనీ చేతిలో ఉంది. టిప్పు సుల్తాను కొడుకులను, కుటుంబాన్ని అందులోనే ఉంచినారు. కాపలాకు తెల్లవాళ్ళ 69వ రెజిమెంటులో నాలుగు కంపెనీలు, మద్రాసు సైన్యంలోని 1వ, 23వ రెజిమెంట్ల సిపాయిలు.

1805 నవంబరులో కొత్త ఉత్తర్వు వచ్చింది. నుదుట బొట్టు, నామం పెట్టకూడదు. గడ్డం ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. తలపాగా తీసి కొత్తరకం టోపీలాంటిది పెట్టాలి. ఎదురు మాట్లాడినవాళ్ళకు కొరడా దెబ్బలు పడినాయి. 1806 జులై 9న టిప్పు కూతురి పెళ్ళి. ఆ రాత్రి దాటి, జులై 10 తెల్లవారుజామున సిపాయిలు లేచినారు. నిద్రలో ఉన్న తెల్ల సిపాయిల బారకాసుల మీద కాల్పులు. కోట మీద మైసూరు పులి జెండా ఎగిరింది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. కాల్చేవాడి చేతిలో, కాల్పులు తినేవాడి చేతిలో ఉండింది ఒకే రకం తుపాకి, ఒకే కంపెనీ తూటా. అటూ ఇటూ పోయిన గుండ్లు పౌనుకు పద్నాలుగే.

పొద్దెక్కే సరికి 69వ రెజిమెంటులో దాదాపు అరవై మంది కోట గోడ మీద ఒక మూల పట్టుకుని నిలిచినారు. వాళ్ళ దగ్గర తూటాలు అయిపోయినాయి. వార్త 16 మైళ్ళ దూరంలో ఉన్న ఆర్కాటుకు చేరింది. గిలెస్పీ అనే దొర గుర్రపు దళంతో బయలుదేరి, ముందుగా ఇరవై మందితో వచ్చి, తాడు పట్టుకుని గోడ ఎక్కి, తూటాల్లేని ఆ మనుషుల చేత బాయొనెట్లతోనే దాడి చేయించినాడు. వెనకొచ్చిన దళం ఫిరంగులతో తలుపు పగలగొట్టింది. ఆ తర్వాత జరిగింది ఊచకోత. రాజభవనంలో దాక్కున్న సుమారు నూరు మంది సిపాయిలను బయటికి లాగి, గోడకు నిలబెట్టి కాల్చినారు. విచారణ తర్వాత ఆరుగురిని ఫిరంగి మూతికి కట్టి పేల్చినారు. ఇంకొందరిని ఉరి తీసినారు, కాల్చినారు, ద్వీపాంతరం పంపినారు. ఆ పటాలాల పేర్లే సైన్యం జాబితాలోంచి తీసేసినారు. గవర్నరు బెంటింకును, సేనాపతి క్రాడకును వెనక్కి పిలిపించినారు. టోపీ ఉత్తర్వు రద్దయింది.

ఇక లెక్క చూడండి. చనిపోయిన తెల్లవాళ్ళు సిపాయి పటాలాల అధికారులు 14 మంది, 69వ రెజిమెంటు సిపాయిలు 115 మంది. తలకు తల లెక్క ఉంది. మన సిపాయిలు ఎంతమంది పోయినారు? కొందరు 350 అంటారు, కొందరు అంతకు రెట్టింపు పైన అంటారు. గుండ్లను పౌనుకు ఇన్ని అని లెక్కపెట్టి ఇచ్చిన కంపెనీ, ఆ గుండ్లకు పడిపోయిన మన మనుషులను అలా లెక్కపెట్టలేదు. గుండ్ల తూకం ఒకటే. ప్రాణాల తూకం మాత్రం ఒకటి కాలేదు.

ఆ పోయినవాళ్ళలో తెలుగువాళ్ళు, తమిళులు, ముస్లిములు అందరూ ఉండే మద్రాసు సైన్యం మనుషులే ఉన్నారు. ఒక చిన్న గుర్తు చెబుతాం. ఉత్తరాదిలో, బెంగాల్లో చాలాకాలం కంపెనీ సిపాయిని తిలంగా అని పిలిచినారు. దక్షిణాదినుంచి క్లైవు వెంట పోయిన తొలి సిపాయిల్లో మనవాళ్ళు అంతమంది ఉన్నారు కాబట్టి, మన జాతి పేరే సిపాయి అనే మాటకు మారుపేరు అయింది.

గుండు బిగువైనప్పుడు

రాబిన్స్ చెప్పిన రైఫిలు చివరికి 1850ల్లో వచ్చింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డు. గొట్టం 577 వేయోవంతుల అంగుళం. గుండు ఇప్పుడు ఉండలా లేదు, కోలగా ఉంది. తూకం 530 గ్రెయిన్లు, మన పలానికి దాదాపు సమానం. గొట్టంలో గాడులు పట్టాలంటే గుండు వదులుగా ఉండకూడదు. బిగువుగా దిగాలంటే కాగితానికి కొవ్వు పూయాలి. ఏ కొవ్వు అనే ప్రశ్న 1857లో ఉత్తరాదిని అంటించింది. రాయవేలూరిలో టోపీ చేసిన పనిని యాభై ఏళ్ళ తర్వాత అక్కడ తూటా చేసింది. రెండుచోట్లా సిపాయి అడిగింది ఒకటే, మమ్మల్ని మనుషులుగా చూడండి అని.

మనవడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మస్కెట్టులో గుండు దొర్లుకుంటా పోతుంది కాబట్టి తూకం అటూ ఇటూ అయినా పెద్ద తేడా తెలియదు. రైఫిల్లో గుండు బొంగరం. బొంగరానికి ముల్లు ఒక పక్కకు దిగితే ఏమవుతుందో పిల్లలకు కూడా తెలుసు, తూలుతుంది. గుండు లోపల ఒక పక్క బుడగ ఉంటే అలాగే తూలుతుంది. తేలిక గుండు కొంచెం వేగంగా, బరువు గుండు కొంచెం నిదానంగా బయలుదేరుతుంది. దగ్గర్లో ఇది తెలియదు, దూరం పెరిగేకొద్దీ పైకీ కిందికీ చీలుతుంది.

మనవాడు కాల్చిన పాయింట్ 22 గుండు మామూలుగా 40 గ్రెయిన్లు, రెండున్నర గ్రాములకు కాస్త పైన. విదేశాల్లో వేల లెక్కన చవకగా గుండ్లు కొని, స్వయంగా తూటాలు నింపుకునే షూటర్లు ఉన్నారు. వాళ్ళు పెట్టె విప్పి ఒక్కొక్కటీ తూచి, తూకం కలిసేవి ఒక పక్క, కలవనివి ఒక పక్క పెడతారు. 150 గ్రెయిన్ల గుండులో ఒక గ్రెయిన్ తేడా అంటే నూటికి ఒకటి కూడా కాదు, దగ్గరి గురికి దాని వల్ల నష్టం లేదు. అసలు చూడవలసింది రెండు. ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ సగటు మారిందా? ఒకే పెట్టెలో ఒకటి రెండు మిగతావాటికి మరీ దూరంగా ఉన్నాయా? అలా దూరంగా ఉన్న గుండు లోపల ఏదో లోపం దాచుకుని ఉంటుంది. చవక సరుకుకూ మంచి సరుకుకూ తేడా ఎక్కువగా అక్కడే. మంచిది అంటే ఒక్క గుండు బాగుండటం కాదు, వెయ్యో గుండు కూడా మొదటిదానిలాగే ఉండటం.

పిల్లలు చదువుతారు కాబట్టి ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా గుండ్లు, తూటాలు తయారుచేయడం నేరం. మేము రాసింది చరిత్ర, ప్రయోగం కాదు.

తాతగారి మాట

గుడియాత్తంలో మనవాళ్ళు బతికింది ఇలాంటి సరుకు మీదనే. లుంగీ, అగ్గిపెట్టె, బీడీ. ఏదీ ఖరీదైంది కాదు, అన్నీ వేలల్లో తయారయ్యేవే. నేతగాడికి నూలు తూచి ఇస్తారు, బట్ట తూచి తీసుకుంటారు. తరుగు ఎక్కువైతే కూలిలో కోత. అగ్గిపుల్లకు మందు ఎక్కువైతే చెయ్యి కాలుతుంది, తక్కువైతే వెలగదు. అన్నీ ఒకేలా రావాలంటే ఎవరో ఒకరు కళ్ళు కాయలు కాసేలా చూడాలి. ఆ చూసినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. కంపెనీకి గుండ్లు పోసినవాళ్ళ పేర్లు కూడా అలాగే పోయినాయి.

తాతగారికి ఈ వ్యాసం చదివి వినిపించినాం. అంతా విని, "తక్కెడది తప్పు కాదు నాయనా, పట్టుకున్న చేతిది" అన్నారు. రాయవేలూరి కోటలో జరిగినదానికి అంతకన్నా మంచి మాట మాకు దొరకలేదు.

వచ్చే జులై 10న మేము కొందరం కోట దగ్గర ఉన్న సిపాయిల స్మారక స్తంభానికి పూలు పెట్టడానికి పోదామనుకుంటున్నాం. వచ్చేవాళ్ళు కింద చెప్పండి, పిల్లలను తప్పకుండా తీసుకురండి. మీ ఇళ్ళ అటకల మీద పాత పలం రాళ్ళు, వీశె రాళ్ళు, తక్కెడలు ఉంటే పాత ఇనుప సామాన్లకు వేసేయకండి. ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఎవరింటివి, వాటితో ఏం తూచేవాళ్ళు అని రెండు ముక్కలు రాయండి. కనీసం మన లెక్క మనమైనా సరిగ్గా రాసిపెట్టుకుందాం.